బొంబాయి నుంచి రావాల్సిన పార్టు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరి నోళ్లలో రెండే తేదీలు. ఒకటి నేను ఉద్యోగంలో చేరే తేదీ, అదెప్పుడో ఎవరికీ తెలియదు. రెండోది మా నాయన షాపు మూసే తేదీ, అది అందరికీ తెలుసు. జూన్ ముప్పై.

2006వ సంవత్సరం. ఎంసీఏ అయిపోయి, మాదాపూర్‌లో ఒక కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ చేతికొచ్చి ఆరు నెలలు దాటింది. చేరమనే కబురు మాత్రం రాలేదు. ఆ లెటర్‌ను మా అమ్మ విమలమ్మ దేవుడి పటం వెనక పెట్టి, రోజూ దానికి కూడా అగరుబత్తి చూపించేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇంకా జాయిన్ గాలేదా లతా?" అని అడిగి నా ప్రాణం తీస్తుంటే, పొద్దున టిఫిన్ కాగానే లాలాగూడలో బ్రహ్మచారి అనే పేరున్న మా నాయన టీవీ రిపేరు షాపుకు పారిపోయేదాన్ని. అక్కడ అడిగేవాళ్లు లేరు. అసలు అక్కడికి వచ్చేవాళ్లే లేరు.

ఊరంతా కొత్త టీవీలు కొంటోంది. పాతది చెడిపోతే బాగుచేయించడం మానేసి ఎక్స్‌చేంజ్‌లో పారేస్తోంది. ఇరవై రెండేళ్లుగా రైల్వే క్వార్టర్ల టీవీలన్నీ తన చేతుల మీదుగా బతికించిన మనిషి, పొద్దంతా పేపర్ చదివి, సాయంత్రం అదే పేపర్‌తో ఈగలు తోలుకుంటున్నాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ మామూలుగా చెప్పాడు.

"తిరుమల్ బాబాయి మాట్లాడిండే. మాదాపూర్ల సాఫ్ట్‌వేర్ ఆఫీసు గేటు కాడ డ్యూటీ. కుర్చీ ఇస్తరంట, ఫ్యాన్ సుత ఉంటదంట. జులై ఒకటి నుంచి షురూ."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "అంటే నువ్వు గేటు కాడ సెల్యూట్ కొడుతుంటే నేను లోపలికి పోవాలెనా నాయనా?"

"నీకెందుకు కొడ్తనే, నువ్వు నా బిడ్డవు గద" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు. ఆ షాపు మూతపడనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియదు.

షాపు వెనక గోడకు ఒక చెక్క అలమర ఉండేది. అందులో ప్లాస్టిక్ కవర్లు తొడిగిన తొమ్మిది పాత టీవీ గేములు, క్యాసెట్ పెట్టి ఆడే రకం. ఒక్కోదానికి పురికొసతో ఒక నంబరు చీటీ. నాయన పద్ధతి అది. వస్తువు రాగానే చీటీ రాసి మధ్యకు చింపుతాడు, సగం వస్తువుకు, సగం కస్టమర్‌కు. ఆ సగం తిరిగొస్తేనే వస్తువు కదులుతుంది. తొంభై నాలుగు, తొంభై ఐదు నాటి ఆ తొమ్మిదింటి కోసం ఎవరూ రాలేదు, అవీ కదల్లేదు.

మా వాళ్లలో అమావాస్య నాడు పనిముట్టు పట్టరు. కొలిమి అయినా, ఉలి అయినా, మా నాయన సోల్డరింగ్ ఐరన్ అయినా ఆ రోజు సెలవు. ఆ సెలవు రోజున ఆయన అలమరలోని గేములన్నీ దింపి, తుడిచి, ఒక్కోదాన్ని పాత డబ్బా టీవీకి తగిలించి పది నిమిషాలు నడిపేవాడు. ఇది మాత్రం పని కాదా అంటే, "ఇది పని గాదు, గొడ్లకు నీళ్లు సూపిచ్చుడు" అనేవాడు.

మా షాపు పక్కనే తుకారాం ఇంటర్‌నెట్ సెంటర్. మధ్యాహ్నాలు ఖాళీ కుర్చీ ఉంటే "కూసో లతక్కా" అని ఊరికే కూర్చోనిచ్చేవాడు. అక్కడ నాకు 'పాత ఆటల అడ్డా' అనే ఫోరం దొరికింది. సికింద్రాబాదు, హైదరాబాదు జనమే ఎక్కువ. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ, పాత గేముల గురించి మొదలుపెట్టి ప్రపంచంలోని ప్రతిదాని గురించీ కొట్టుకునేవాళ్లు. ఆఫీసులో పని లేకనా, ఉండీ చేయకనా అని నాకు అనుమానం. నేను 'ఫ్యూజ్‌వైర్' అని పేరు పెట్టుకుని దూరాను. అందరూ నన్ను మగవాడనే అనుకున్నారు. ఆడపిల్లలకు గేములు ఎక్కవని ఒక వారం పాటు తీర్మానాలు చేస్తుంటే, సలోమి అనే ఆవిడ ఒక్కతే వాళ్లను ఉతికి ఆరేసింది. నేను మాత్రం బయటపడకుండా చూస్తూ కూర్చున్నాను.

సైనిక్‌పురి నుంచి కన్నబాబు అనే ఆయన రాసేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గోడకు తగిలించే కొత్త టీవీ. బాతుల్ని తుపాకీతో కాల్చే పాత ఆట ఒకటి ఉండేది కదా, ఆ తుపాకీ తన టీవీ మీద ఎందుకు పేలడం లేదని అడిగాడు. ఇరవై మంది ఇరవై కారణాలు చెప్పారు. ఒకడైతే టీవీకి వాస్తు చూపించమన్నాడు. నేను గోడ అవతలికి పోయి మా నాయనను అడిగాను.

"తుపాకిల నుంచి ఏం పోదు బిడ్డా, తుపాకే టీవీ దిక్కు చూస్తది" అన్నాడు పేపర్ మడుస్తూ. "నొక్కంగనె బొమ్మ ఒక్క క్షణం నల్లగైతది, బాతు ఉన్న కాడ తెల్లగ మెరుస్తది. ఆ మెరుపును తుపాకిల ఉన్న కన్ను పట్టుకుంటది. కొత్త టీవీ జెర లేటుగ మెరుస్తది. అప్పటికి కన్ను మూసుకుంటది. డబ్బా టీవీ ఉంటెనే అది పన్జేస్తది."

ఆయన చెప్పినట్టే రాశాను. "ఫ్యూజ్‌వైర్ గురూ, నువ్వు దేవుడివి" అన్నారు. ఆ రోజు నుంచి నేను నాయనను ఏదో ఒకటి అడగడం, ఆయన కళ్లజోడు సర్దుకుని చెప్పడం, నేను పరుగెత్తి టైప్ చేయడం. పేపర్‌తో ఈగలు తోలడం ఆగిపోయింది. "ఏమంటున్నరే మీవోళ్లు?" అని ఆయనే అడిగేవాడు.

నాకు పడనివాడు ఒకడే, 'వెయిటింగ్‌లిస్ట్'. మేలో పెద్ద చర్చ నడిచింది. పరీక్షలప్పుడు పిల్లల గేములు దాచేసే తల్లిదండ్రులు చేసేది న్యాయమా, అన్యాయమా? నలభై మంది రెండు జట్లుగా విడిపోయారు. అందులో వాడు రాశాడు: "మా అమ్మ అలాంటిది కాదు బాస్. నా గేమ్ చెడిపోతే టెంత్ పరీక్షల ముందు తనే రిపేరుకి పట్టుకెళ్లింది. ఆ షాపోడే మింగేశాడు. రెండుసార్లు వెళ్లి అడిగాను, బొంబాయి నుంచి పార్టు రావాలన్నాడు. ఇంకా వస్తూనే ఉంది. రిపేరు షాపులోళ్లంతా దొంగలే."

నాకు ఒళ్లు మండింది. "బొంబాయి పార్టు గురించి నీకేం తెలుసు? ఒక్కో పార్టు కోసం ఆర్నెల్లు ఎదురుచూసిన షాపులున్నాయి" అని పేజీ నిండా రాశాను. "నీకెందుకు బాస్ అంత పొడుచుకొచ్చింది, మీదేమన్నా షాపా?" అన్నాడు. లేచి వచ్చేశాను.

ఆ వారమే కన్నబాబు తన గేముకు తప్పుడు అడాప్టర్ పెట్టి కాల్చేసుకున్నాడు. తుపాకీ ఉన్న సెట్టు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పమని, ఎంతైనా కొంటానని రాశాడు. నాకు అలమరలో తుపాకీతో ఉన్న ఏడో నంబరు సెట్టు గుర్తొచ్చింది. పదకొండేళ్లుగా ఎవరూ అడగని వస్తువు. దానికి గిరాకీ ఉందని చూపిస్తే నాయన మనసు మారకపోతుందా? మర్నాడు ఆయన భోజనానికి ఇంటికి పోయినప్పుడు, చీటీ విప్పి కౌంటర్ సొరుగులో పడేసి, సెట్టును సంచిలో పెట్టి, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర కన్నబాబు పంపిన మనిషికి ఇచ్చేశాను. సరైన సమయం చూసి చెబుదామనుకున్నాను. అలాంటి సమయం నాలుగు రోజులైనా రాలేదు, అమావాస్య వచ్చింది.

నాయన ఒక్కోదాన్ని దింపుతున్నాడు. ఆరు తర్వాత చెయ్యి ఆగింది.

"ఏడోది ఏది?"

చెప్పాను. దాచకుండా అంతా చెప్పాను. డబ్బులు సొరుగులోనే ఉన్నాయని కూడా చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చేతిలోని గుడ్డ పక్కన పెట్టి స్టూల్ మీద కూర్చున్నాడు.

"అది మనది గాదు బిడ్డా."

"పదకొండేండ్లు నాయనా! అడ్గనీకి కూడ రానోళ్ల కోసం ఎన్నాళ్లు కాపలా ఉంటవు? రిపేరు జేసినవు, పైసలు సుత ఇయ్యలే వాళ్లు."

"ఏం రిపేరు జేసిన? అవేవీ చెడిపోలే."

నాకు అర్థం కాలేదు. ఆయన అలమర వంక చూస్తూ చెప్పాడు.

"పరీక్షలు దగ్గర పడితే క్వార్టర్ల తల్లులంత తెచ్చి ఇస్తుండిరి. అన్నా, పిలగాడు పుస్తకం ముడుతలేడు, రిపేరుకు ఇచ్చిన అని చెప్త, పరీక్షలయ్యేదాంక నీ కాడ ఉంచు, నా పేరు జెప్పకు అని. ఉంచిన. పిలగాళ్లు వచ్చి అడిగేటోళ్లు. బొంబాయి నుంచి పార్టు రావాలె అని చెప్పేటోన్ని. పరీక్షలైనంక ఇచ్చేస్తే ఆ అబద్ధం పోతది గద అనుకున్న. చానమంది తీస్కపోయిండ్రు. ఈ తొమ్మిది మంది ట్రాన్స్‌ఫర్లయి పోయిండ్రు. ఏడో నంబరు పిలగాడు సైకిలేసుకొని రెండుసార్లొచ్చిండు. నేనే పొయిన వాళ్ల క్వార్టర్‌కు, అప్పటికే తాళం. ఆ పిల్లలకు అబద్ధమాడింది నేనే లతా. షాపైతే మూస్త. కని ఆ సామాను ఇంకొకలకు అమ్మి మూయ్య."

సొరుగులోంచి చీటీ తీశాను. నాయన గుండ్రటి అక్షరాలు. ఏడు. సత్యవేణి గారు. ఫిబ్రవరి 95. లాలాగూడ క్వార్టర్స్. పేరు కింద చిన్నగా, బ్రాకెట్‌లో: బాబు రమణ, టెంత్.

బొంబాయి పార్టు. రెండుసార్లు. టెంత్. ఇన్నాళ్లూ నేను పోట్లాడుతున్నది మా నాయన అబద్ధం చెప్పిన పిల్లవాడితోనా?

"నాయనా, ఆ పిలగాడు నాకు దొరికిండు" అన్నాను. "నిన్ను దొంగ అంటున్నడు. నిజం చెప్పనా?"

"వద్దు. ఆ తల్లికి మాటిచ్చిన" అన్నాడు. "ముందుగాల వస్తువు తే."

ఆ సాయంత్రం తుకారాం దగ్గర కూర్చుని ఫోరంలో రాశాను: నాది కాని వస్తువు అమ్మాను, వెనక్కి కావాలి. ఇక చూడాలి. మూడేళ్లు దాటితే హక్కు పోతుందన్నాడొకడు. అది అనాథ ప్రేతం, ఎవరైనా తీసుకోవచ్చన్నాడు మరొకడు. పదకొండేళ్లు పాత సామాను కాపాడిన ఆ షాపాయనకు మెదడు పరీక్ష చేయించాలన్నాడు ఇంకో మహానుభావుడు. అప్పుడు నాకు మండిపోయింది.

"ఆ షాపాయన మా నాయన" అని టైప్ చేశాను. "ఇన్నాళ్లూ నేను చెప్పిన జవాబులన్నీ ఆయనవే. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. ఆయన మెదడు ఎలా ఉందో మీ గేములకే తెలుసు. ఇంకో మాట. నేను అబ్బాయిని కాదు."

మొదట సలోమి రాసింది, "నాకు ముందే తెలుసు" అని. తర్వాత కన్నబాబు. "సెట్టు తెచ్చిస్తాను. డబ్బు సంగతి వదిలేయండి. కానీ ఒక విషయం చెప్పాలి, అది మీ నాన్నగారికి ఎదురుగానే చెప్పుకుంటాను."

వెయిటింగ్‌లిస్ట్‌కు విడిగా రాశాను. మీ గేమ్ దొరికింది, చీటీ మీద మీ అమ్మగారి పేరుంది కాబట్టి ఆవిడను తీసుకొచ్చి పట్టుకెళ్లండి. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఒకే వాక్యం వచ్చింది. "మేం మల్కాజ్‌గిరిలోనే ఉంటున్నాం, అమ్మ వస్తానంటోంది."

కన్నబాబు ఇదిగో వస్తాను, అదిగో వస్తాను అని మూడు వారాలు నానబెట్టాడు. చివరికి అందరికీ కుదిరింది జూన్ ఇరవై ఐదు, ఆదివారం. అదీ అమావాస్యే.

నేను ముగ్గురి కోసం టీ చెప్పాను. తొమ్మిది మంది వచ్చారు. ఫోరం జనం సంచుల్లో తమ తమ పాత డబ్బాలు వేసుకుని దిగారు, సలోమి అయితే రెండు తెచ్చింది. నాయన బిత్తరపోయి, ఉన్న ఒక్క కుర్చీ తుడిచి ఎవరికివ్వాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఇయ్యాల అమాస సార్, నేను సామాన్లు ముట్ట" అని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాడు.

కన్నబాబు లోపలికి వచ్చి, సంచిలోంచి ఏడో నంబరు తీసి, తుపాకీని మాత్రం విడిగా ఒక స్వీటు డబ్బాలో పెట్టి బల్ల మీద ఉంచాడు.

"మన్నించండి గురువుగారూ. మీరు చెప్పినా వినకుండా, నా టీవీ మీద పనిచేయిద్దామని తుపాకీ విప్పాను. ఒక స్ప్రింగ్ ఎగిరిపోయింది, మూడు వారాల నుంచి సోఫా కింద వెతుకుతున్నాను. లోపల కన్నులాంటిది కూడా ఊడొచ్చింది."

నాయన డబ్బా వైపు చూశాడు, ముట్టుకోలేదు. ఆయన ఏదో అనేలోపు షాపు ముందు ఆటో ఆగింది. ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలో ఒక పొడుగాటి మనిషి, పక్కన జరీ అంచు చీరలో పెద్దావిడ. ఆ మనిషి లోపలికి రాగానే అందరినీ చూసి, "ఫ్యూజ్‌వైర్ ఎవరు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

రమణబాబు నన్ను చూసి, నేను రాసిన తిట్లన్నీ గుర్తొచ్చినట్టున్నాయి, తల దించుకున్నాడు. తర్వాత మా నాయనను చూశాడు. ఆయనను గుర్తుపట్టిన క్షణం అతని ముఖంలోనే తెలిసింది.

నాయన అతన్ని చూసి అలవాటుగా, "చీటీ తెచ్చిండ్రా సార్?" అన్నాడు.

ఎవరో నవ్వారు. రమణబాబు నవ్వలేదు. "పదకొండేళ్లయింది. చీటీ కావాలా మీకు? అప్పుడేమో బొంబాయి అన్నారు, ఇప్పుడేమో చీటీ అంటున్నారా?"

నేను నోరు తెరిచాను. నాయన కళ్లతోనే వద్దన్నాడు. ఆయన గొంతు సవరించుకుని, "తప్పు నాదే బాబూ" అన్నాడు. నాకు అక్కడే భోరుమని ఏడవాలనిపించింది.

అప్పటికి ఆ పెద్దావిడ, సత్యవేణమ్మ, మెల్లగా బల్ల దగ్గరికి వచ్చి గేము పెట్టె మీద చెయ్యి పెట్టింది.

"ఓలమ్మో, ఇదింకా ఉందేటి!" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఆయన్నేటి అంతావురా? ఇది చెడిపోనేదు. గుంటడు పుస్తకం ముట్టుకోటం లేదని నేనే తెచ్చి ఇచ్చీసేను. నా పేరు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నాను. పరీక్షలయ్యేక తెద్దునా, మీ నాన్నకి బదిలీ అయిపోయింది. సామాన్ల గొడవలో చీటీ పారేసిందీ నేనే. ఇన్నాళ్లూ నువ్వు ఈయన్ని తిడతంటే, చెప్తే నన్ను తిడతావని ఊరుకున్నాను."

రమణబాబు నోరు తెరుచుకుని తల్లినే చూస్తున్నాడు. ఫోరంలో నలభై మందితో వాదించి, మా అమ్మ అలాంటిది కాదని నెగ్గుకొచ్చిన మనిషి. సలోమి మెల్లగా, "చర్చ మళ్లీ తెరవమంటావా వెయిటింగ్‌లిస్ట్?" అంది. అంతే, అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. చివరికి అతనూ నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

"మీరు నాకు చెప్పి ఉండొచ్చు కదండీ, ఇప్పుడైనా" అన్నాడు నాయనతో.

"అమ్మకు మాటిచ్చిన గద బాబూ."

రమణబాబు ఆ పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని చూశాడు. దుమ్ము లేదు. నాయన డబ్బా టీవీ వైపు చూపిస్తే తనే వైర్లు తగిలించాడు, చేతులు మరిచిపోలేదు. తెర మీద గడ్డి, నీలం ఆకాశం. బాతు ఎగిరింది. తుపాకీ లేకపోవడంతో అది ఎవరికీ దొరకకుండా పైకి పోయింది. తొమ్మిది మందీ చిన్నపిల్లల్లా అయ్యో అన్నారు.

"ఇప్పుడు మాత్రం నిజంగనే ఖరాబైంది బాబూ" అన్నాడు నాయన, స్వీటు డబ్బాలోకి తొంగి చూస్తూ. ఆయన వేళ్లు తుపాకీ మీదికి వెళ్లి, అమావాస్య గుర్తొచ్చి వెనక్కి వచ్చాయి. "దీనికి పార్టు కావాలె."

"బొంబాయి నుంచా?" అన్నాడు రమణబాబు.

"కాదు. కోఠిల పార్టులమ్మే గుజరాతీ గల్లీ నుంచి" అని నాయన కూడా నవ్వాడు.

తర్వాత కౌంటర్ వెనక కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాడు. రాయడం పనిముట్టు పట్టడం కింద రాదు కాబట్టి చీటీల కట్ట తీశాడు. జనం తమ డబ్బాలు పట్టుకుని వరుస కట్టారు. ముందు రమణబాబు పేరు రాసి, మధ్యకు చింపి, సగం అతని చేతిలో పెట్టాడు. రెండో సగం నాకిచ్చి, "కట్టు బిడ్డా" అన్నాడు.

పురికొస తీసుకుని తుపాకీకి ముడి వేస్తూ చీటీ చదివాను. కింద తిరిగిచ్చే తేదీ ఉంది, ఆ గుండ్రటి అక్షరాల్లోనే. జులై తొమ్మిది, ఆదివారం.

ఇంకోసారి చదివాను. షాపు మూయాల్సిన జూన్ ముప్పై దాటి తొమ్మిది రోజులు. నాయన తల ఎత్తకుండా రెండో చీటీ రాస్తున్నాడు. ముడి గట్టిగా బిగించి, ఏడో నంబరును దాని చోట్లో పెట్టాను.